ఆఖరి పావుగంట

నోట్లో మేకులున్నంతసేపు మేస్త్రిని ఎవరూ కదిపేవాళ్ళు కాదు. సోఫా చట్రానికి గోనెపట్టా బిగించేటప్పుడు గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవి చివరికి తెచ్చి, సుత్తి మొనకున్న అయస్కాంతానికి అందించడం ఆయన పద్ధతి. ఆ పని సాగుతుండగా ఏమడిగినా ‘ఊఁ’ అనో ‘ఊహూఁ’ అనో తప్ప జవాబు రాదు. అందుకని షెడ్డులో వాళ్ళంతా ఆ మేకులు ఎప్పుడైపోతాయా అని చూస్తుండేవాళ్ళు. అవి అయిపోతే సినిమా కథ మొదలవుతుంది.

భార్య పోయిన దగ్గర్నుంచీ మేస్త్రికి సినిమాలు అలవాటయ్యాయి. అంతకుముందు ఏడాదికి ఒకటి చూస్తే గొప్ప. ఇప్పుడు షెడ్డు మూయగానే చేతులు కడుక్కుని, చొక్కాకి అంటిన పీచు దులుపుకుని, తిన్నగా రోడ్డు చివర సినిమాహాలుకి పోయేవాడు. ఏ భాషదైనా, ఎవరు తీసిందైనా ఒకటే. చీకట్లో కూర్చోగానే చెయ్యి సీటు కింద కుట్టు వెతికేది. పిగిలిన చోట వేలు పెట్టి, ఎవడు కుట్టాడో గాని వాడి చెయ్యి విరగ, అనుకుని అప్పుడు తెరవైపు చూసేవాడు. మర్నాడు ఆ కథ షెడ్డులో ఎవరికో ఒకరికి చెప్పేవాడు. ఇంట్లో చెప్పడానికి మనిషి లేదు మరి. చెప్పడం కూడా ఎలాగంటే, వింటున్నవాళ్ళ చేతిలో కత్తెర ఆగిపోయేది.

అయితే ఆయన ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కథ ఒడ్డుకు చేరుతోందని తెలిసే క్షణం ఒకటి ప్రతి సినిమాలోనూ వస్తుంది. మాటలు తగ్గుతాయి. ఎవరో ఎవరి చెయ్యో పట్టుకుంటారు. అంతే, మేస్త్రి కాళ్ళు వాటంతటవే లేచేవి. వంగి, పక్కవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి వచ్చేసేవాడు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన ఈయనకి షుగరనుకుని, “బాత్రూం అటండీ” అని చెయ్యి చూపించేవాడు. మేస్త్రి తలూపి రోడ్డెక్కేవాడు. మిగతా కథ ఇంటికి నడిచే దారిలో తనే అల్లుకునేవాడు. ఆయన అల్లికలో జబ్బుపడినవాళ్ళు లేచి తిరిగేవాళ్ళు, తప్పిపోయినవాళ్ళు తలుపు కొట్టేవాళ్ళు. ఆడది గాని మగాడు గాని పిల్లి గాని ఒక్క ప్రాణి కూడా చచ్చేది కాదు.

ఏడాది చివరి వారంలో సినిమాహాలు వాళ్ళు ఆ ఏడాది ఆడిన సినిమాలు ఆటకొకటి చొప్పున మళ్ళీ వేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు ముందు నుంచి రిక్షాలో బోర్డు వెళ్ళింది. అది చూసి పాలిష్ బావ బ్రష్షు డబ్బాలో పడేసి వచ్చాడు. కుర్చీల కోళ్ళకి పాలిష్ పెట్టే ఈ మనిషిని వయసుతో పనిలేకుండా అందరూ బావ అనే పిలుస్తారు.

“గురువుగారూ, ఏడాదంతా మీరు చూశారు, మేం విన్నాం. ఇప్పుడు ఎవరికి ఏది తగునో మీరే చెప్పండి. మా ఆవిడ ఆదివారం సినిమాకి తీసుకెళ్ళకపోతే పుట్టింటికి పోతానంటోంది. పోతే పోనీ అనుకున్నా గాని, ఆ పుట్టిల్లు పక్క వీధే.”

మేస్త్రి నవ్వాడు. “నీకు ఆ దొంగ సినిమా. దొంగతనానికి వెళ్ళిన ఇంట్లోవాళ్ళు ఊరి నుంచి ముందే వచ్చేస్తే, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చానని చెప్పి నిజంగానే బాగుచేస్తాడు చూడు, అది. ఆఖరికి ఆ ఇంటి అల్లుడవుతాడు.”

“అవుతాడా? గుర్రం సినిమాలో గుర్రం పందెం గెలుస్తుందన్నారు. నేను వెళ్ళి చూస్తే గుర్రం పందెం దాకా పోనేలేదు, లాయంలోనే కాలు విరిగింది. మా ఆవిడ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.”

“బాబాయ్ నిద్రపోయుంటాడ్లే,” అంది మిషను మీద నుంచి చిన్ని. “రోజంతా సుత్తి కొట్టినవాడికి చివరిదాకా కళ్ళు నిలబడతాయా?”

చిన్ని ఆ షెడ్డులో దిండ్ల గలీబులు, సోఫా తొడుగులు కుట్టే మనిషి. ముప్ఫై దాటింది. పెళ్ళి అంటే, “మా అమ్మని కూడా చేసుకునేవాడైతే చేసుకుంటా” అని నవ్వేసేది. తల్లీ కూతుళ్ళు ఇద్దరే. తల్లి చాలా ఏళ్ళు లాండ్రీలో ఇస్త్రీ పెట్టె తోసింది. ఈ మధ్య తిండి సయించక, కడుపునొప్పి అంటూ మంచం మీదే ఎక్కువ ఉంటోంది.

“నాకు చెప్పక్కర్లేదు, నేను ఎంచుకున్నా,” అంది చిన్ని, సుద్దముక్కతో రెక్సిన్ మీద గీత గీస్తూ. “వానాకాలంలో చెప్పావే, ఓడలో పనిచేసే కొడుకు, జబ్బుపడిన తల్లి. ఆదివారం సాయంత్రం అదే వేస్తున్నారు. అమ్మని తీసుకెళ్తున్నా.”

మేస్త్రి చెయ్యి సుత్తి మీద ఆగింది. ఆ సినిమా ఆయనకి బాగా గుర్తు. తల్లి కొడుకు చొక్కాకి బొత్తాం కుడుతూ దగ్గు ఆపుకుంటుంది. ‘నువ్వు వెళ్ళు, నాకేమైంది?’ అని వాణ్ణి ఓడ ఎక్కిస్తుంది. వాడు మెట్లెక్కుతూ చెయ్యి ఊపుతుంటే మేస్త్రి లేచి వచ్చేశాడు.

“అది వద్దులే చిన్నీ. నెమ్మదిగా నడుస్తుంది. మీ అమ్మకి విసుగొస్తుంది. అక్కాచెల్లెళ్ళ రొట్టెల దుకాణం సినిమా ఉంది, అది చూపించు.”

“కాదు బాబాయ్. నువ్వే కదా చెప్పావు, కొడుకు సగం దారిలో కల గని ఓడ దిగి వచ్చేస్తాడని, ఆవిడ లేచి కూర్చుని వాడికి వండిపెడుతుందని. నేను ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. అది కళ్ళారా చూస్తే కాస్త ధైర్యం వస్తుంది. ఇప్పుడు అమ్మకి మందు కన్నా అదే కావాలి.”

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను చివర చూడలేదమ్మా, అంటే అయిపోయేది. మేస్త్రి నోరు తెరిచాడు. చిన్ని ఆశగా చూస్తోంది. ఆయన డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు.

ఆదివారం పొద్దుటి నుంచి ఆయనకి కాలు నిలవలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాడు. చెప్పులు తుడిచాడు. అసలు ఆ సినిమా ఎలా అయిపోతుంది? తను అల్లినట్టే అయిపోవచ్చుగా! తీసినవాడికి మాత్రం దయ ఉండదా? అలా అనుకుంటే కాసేపు ఊరటగా ఉండేది. అంతలో గుర్రం కాలు గుర్తొచ్చేది.

సాయంత్రం బయల్దేరి హాలు దగ్గరికి వెళ్ళేసరికి ఆట మొదలైపోయింది. టికెట్ల ఆయన గుర్తుపట్టి, “ఇవాళ లేటయ్యారే, లోపలికి పోండి, సీట్లున్నాయి,” అన్నాడు. మేస్త్రి కదల్లేదు. గోడవారగా పోస్టర్ల బోర్డు పక్కన నిలబడ్డాడు. లోపలి నుంచి మాటలు వినబడవు గాని, సంగీతం గోడ దాటి సన్నగా వస్తోంది. చలి మోకాళ్ళలోకి పాకింది. ఒకచోట సంగీతం ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. అప్పుడే ఆయనకి అర్థమైపోయింది.

తలుపులు తెరిచారు. జనం పెద్దగా లేరు. వచ్చినవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వస్తున్నారు. చిన్ని తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. చిన్ని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లి కళ్ళు మాత్రం పొడిగా, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు ఉన్నాయి. ఒక మెట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకుని, కూతురి శాలువా సరిచేసింది. మేస్త్రి బోర్డు వెనక్కి జరిగాడు. ఎదురుగా వెళ్ళి తప్పు ఒప్పుకోవలసిన మనిషి, దొంగలా నిలబడి వాళ్ళు రోడ్డు దాటేదాకా చూశాడు.

సోమవారం చిన్ని ఎవరితోనూ మాట్లాడలేదు. మిషను మీద దారం పదే పదే తెగింది. తెగినప్పుడల్లా నోటితో తడిచేసి సూదిలోకి ఎక్కించి మళ్ళీ తొక్కేది. పాలిష్ బావ పరిస్థితి కనిపెట్టక, “గురువుగారూ, ఈసారి మీ మాట నిజం! దొంగ అల్లుడయ్యాడు! మా ఆవిడ ఇంటికొచ్చి నన్ను కుళాయి బాగుచెయ్యమంది,” అంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, బ్రష్షు తీసుకుని వరండాలోకి పోయాడు.

మధ్యాహ్నం చిన్ని లేచి వచ్చి మేస్త్రి ముందు నిలబడింది.

“ఆవిడ చచ్చిపోతుంది బాబాయ్.”

మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు.

“నిద్రపోయావా? నిద్రపోతే పోయానని చెప్పచ్చుగా?”

“నిద్రపోలేదమ్మా. లేచి వచ్చేశాను.”

“ఆ ఒక్కదాన్లోనా?”

“అన్నింట్లోనూ. ఈ ఏడాదిలో నేను దేని చివరా చూళ్ళేదు.”

చిన్ని అర్థం కానట్టు చూసింది. “మరి అంత బాగా ఎలా చెప్పేవాడివి?” అంది. ఆ మాటలో కోపం కంటే మోసపోయిన పసిదాని దిగులుంది. “నిన్నటి నుంచి అమ్మ పలకట్లేదు. ఏమైందే అంటే ఏంలేదంటుంది. మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఇవాళ పొద్దున ఒక్క మాటంది. ఆ సినిమాలాయన్ని సాయంత్రం ఓసారి తీసుకురా అని.”

“తిట్టడానికా?”

“తిడితే పడు,” అంది చిన్ని.

వాళ్ళది మేడమీద ఒకే గది, పక్కన చిన్న వంటిల్లు. కిటికీ కింద మంచం. చిన్ని తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఒక పాత స్వెట్టరు అల్లిక విప్పుతోంది. ముదురాకుపచ్చ ఊలు అలలు పడి ఒళ్ళో కుప్పగా ఉంది. మనిషి చిక్కిపోయింది గాని, మణికట్లలో మాత్రం ఇస్త్రీ పెట్టె తోసిన బలం ఇంకా కనబడుతోంది. ఆవిడ తిట్టలేదు. మంచం పక్కన స్టూలు చూపించింది.

“నా కూతురికి బాబాయ్ అయితే నాకు మరిది. వరస కుదిరింది. కూర్చో మరిదీ. చేతులు చాపు.”

మేస్త్రి రెండు చేతులూ చాపాడు. ఆవిడ ఊలు కొస తీసి ఆయన చేతుల చుట్టూ వేసింది. ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి, మళ్ళీ ఇటు. ఆకుపచ్చ చుట్లు మణికట్ల మీద పేరుకుంటున్నాయి.

“చిన్నీ, పాలున్నట్టు లేవు. కొట్టుకెళ్ళి తెచ్చి టీ పెట్టు.”

చిన్ని మెట్లు దిగిన చప్పుడు దూరమయ్యాక ఆవిడ అడిగింది. “ఆ సినిమా చివర ఏమైందో చెప్పిందా?”

“ఆవిడ పోతుందని చెప్పింది.”

“పోవడం అసలు చూపించడు. కొడుకు ఓడ దిగి వస్తాడు. చేతిలో తల్లికని కొన్న చెప్పుల జత. వీధిలో వాళ్ళు వాణ్ణి చూసి పనున్నట్టు ఇళ్ళలోకి పోతారు. తలుపు తీస్తే మంచం మీద పరుపు చుట్టి ఉంటుంది. పక్కింటామె వచ్చి, ‘నీకు చెప్పొద్దంది బాబూ, నీ పని పాడవుతుందని,’ అంటుంది. వాడు ఏడవడు. ‘నాకు చెప్పొద్దందా?’ అంటాడు. ఆ మాటే రెండుసార్లు అంటాడు. ఆ చెప్పులు పట్టుకుని ఆ చుట్టిన పరుపు మీద కూర్చుంటాడు. అంతే. అయిపోయింది.”

మేస్త్రి చేతులు కిందికి వాలాయి. ఊలు జారబోతే ఆవిడ పైకి సర్దింది.

“నన్ను క్షమించండి వదినా. మీ పరిస్థితి తెలిసుండి...”

“నా పరిస్థితి నీకేం తెలుసు? దానికే తెలియదు.” ఆవిడ గొంతు తగ్గించింది. “ఆస్పత్రికి పోయిన నెల ఒక్కదాన్నే వెళ్ళొచ్చా. గ్యాసు నొప్పని దానికి చెప్పా. గ్యాసు కాదు. ఎండలు ముదిరేదాకా ఉండకపోవచ్చన్నాడు డాక్టరు. మంచివాడు, మొహం తిప్పుకోకుండా చెప్పాడు. ఇంటికొచ్చి ఆలోచించుకున్నా. దానికి చెప్పి ఏం లాభం? నవ్వుతూ పనికి పోతోంది, నవ్వుతూ వస్తోంది. ఆ నవ్వు చూసుకుంటూ ఉన్నన్నాళ్ళు ఉండి, ఓ పూట చల్లగా పోదామనుకున్నా. అచ్చం ఆ సినిమా తల్లి అనుకున్నట్టే.”

ఆవిడ చేతులు ఆగాయి.

“కానీ నిన్న ఆ కుర్రాడు పరుపు మీద కూర్చున్నప్పుడు చిన్ని ఎలా ఏడ్చిందనుకున్నావు! తల్లి కోసం కాదు మరిదీ, వాడి కోసం. నాకు ఒళ్ళు జలదరించింది. రాత్రంతా అదే. మీ ఆవిడ పోయిన సంగతి చిన్ని చెప్పింది. వెనక మిగిలినవాళ్ళకి ఎలా ఉంటుందో నీకు తెలిసుంటుందని పిలిపించా. చెప్పనా, వద్దా?”

మేస్త్రి ఊలు వంక చూశాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“మా ఆవిడ కూడా చెప్పలేదు వదినా,” అన్నాడు. “డాక్టరు చేత కూడా ఒట్టు వేయించుకుంది. నీరసం, తగ్గిపోతుంది అనేది. ఆ రోజు పొద్దున కూడా, ‘హోటలు వాళ్ళ కుర్చీలు ఇవాళ ఇవ్వాలన్నావుగా, వెళ్ళు’ అంది. వెళ్ళాను. కబురొచ్చేసరికి నా నోటినిండా మేకులు. ఏమిట్రా అని అడగడానికి కూడా నోరు లేదు.”

“నీ మీద ప్రేమతోనేగా.”

“అందరూ అదే అన్నారు. నేనూ అదే అంటూ వచ్చా. నాకు కోపం వదినా. ఏడాదిగా కోపం. పోయిన మనిషి మీద కోపమేంటి, వింటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. నేనేం చేతగానివాణ్ణా? చెప్తే పక్కన కూర్చునేవాణ్ణి కాదా? ఆ కుర్చీలు ఎవడికి కావాలి? ఆ రోజులన్నీ నావి కూడా. నాకు తెలియకుండా అది ఒక్కతే వాడేసుకుంది.”

అన్నాక ఆయనకే భయం వేసింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుందామంటే చేతులు రెండూ ఊలులో ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేక, మొహం భుజానికేసి రుద్దుకున్నాడు. ఈ ఏడాది పొడుగునా తను షెడ్డులో వాళ్ళకి చేసింది కూడా ఇదే కదా, చేదు చివర దాచిపెట్టి తియ్యగా చెప్పడం, అని అప్పుడే తట్టింది.

“చెప్పండి వదినా,” అన్నాడు. “దానికి చెప్పండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి.”

చిన్ని వచ్చింది. వంటింట్లో గిన్నె చప్పుడు, స్టవ్వు చప్పుడు. మూడు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని గదిలోకి వచ్చేసరికి మేస్త్రి స్టూలు మీద నుంచి సగం లేచాడు.

“నే వెళ్ళొస్తా వదినా. మీరిద్దరూ...”

“ఊలుతో ఎక్కడికి? కూర్చో,” అంది ఆవిడ. తర్వాత కూతురి వైపు తిరిగింది. “గ్లాసులు కింద పెట్టు చిన్నీ. ఇలా వచ్చి కూర్చో. నాది గ్యాసు నొప్పి కాదు.”

మిగతాది నాలుగు మాటల్లో చెప్పేసింది. డాక్టరు అన్నది అన్నట్టు చెప్పింది, ఎండాకాలం మాటతో సహా. చిన్ని ఏడవలేదు. మంచం అంచున కూర్చుని తల్లి మొహంలోకి చూసింది. మేస్త్రి తల వంచుకున్నాడు. ఆయన కాళ్ళు నేలని గట్టిగా తన్నిపట్టుకుని ఉన్నాయి.

“పోయిన నెలా?” అంది చిన్ని.

“ఊఁ.”

“ఒక్కదానివే వెళ్ళావా?”

“ఆఁ.”

“ఎలా వెళ్ళావు? బస్సులోనా?”

“బస్సులోనే.”

“వచ్చేటప్పుడు సీటు దొరికిందా?”

తల్లి ఆ ప్రశ్నకి సిద్ధంగా లేదు. “దొరకలేదే. కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చా.”

అప్పుడు చిన్ని ఏడ్చింది. తల్లి భుజం మీద పిడికిలితో కొడుతూ, “నిలబడి వచ్చావా? ఆ మాట విని, నిలబడి వచ్చావా?” అంటూ ఏడ్చింది. తల్లి కొట్టించుకుంది. తర్వాత దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ అలా ఉండగా మేస్త్రి ఊలు చుట్లతో చేతులు చాపుకుని, దించడానికి మనసు రాక అలాగే కూర్చున్నాడు.

ఏడుపు తగ్గాక చిన్ని ప్రశ్నలు మొదలుపెట్టింది. ముక్కు తుడుచుకుంటూ ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది. నొప్పి ఏ వేళప్పుడు ఎక్కువ? రాత్రుళ్ళు మూలుగు దిండులో దాచుకున్నావా? నేను పనిలో ఉన్నప్పుడు ఎవర్ని పిలుస్తావు? ఏం తినబుద్ధేస్తుంది, అబద్ధం చెప్పకు. నాన్న గురించి ఎప్పుడూ చెప్పవు, ఇప్పుడైనా చెప్తావా? ఈ స్వెట్టరు ఎందుకు విప్పుతున్నావు? నీకేనే, అంది తల్లి, నీ కొలతకి మళ్ళీ అల్లుదామని. నాకు అల్లడం రాదుగా, మధ్యలో ఆగిపోతే? అంది చిన్ని. అయితే రేపటి నుంచి నేర్చుకో, అంది తల్లి.

మేస్త్రి వింటున్నాడు. భార్యని అడగవలసినవి తన దగ్గర ఎన్నో ఉన్నాయని, అవన్నీ పెద్ద పెద్ద ప్రశ్నలని ఈ ఏడాదంతా అనుకుంటూ వచ్చాడు. ఎందుకు దాచావు, నన్ను ఏమనుకున్నావు, నేనెలా బతుకుతాననుకున్నావు అని. ఈ గదిలో కూర్చుని, ఆ పిల్ల నోటి వెంట వస్తున్న చిన్న చిన్న మాటలు వింటుంటే అవన్నీ ఎటో పోయాయి. ఒక్కటే మిగిలింది. ఆ పొద్దున ఆమె గుమ్మం దాకా వచ్చింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. అన్నం డబ్బా అందించింది. తను ఆలస్యమైందని గబగబా నడిచాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

నేను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డావా? అని అడగాలని ఉంది ఆయనకి. అంతసేపు నిలబడగలిగావా?